అరకు ఊటీ కాకపోతే ఏమైంది?

ప్రతి డిసెంబర్లో సెమ్ ఎగ్జామ్స్ అయిపోగానే మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్లాన్లు మొదలవుతాయి. ఒకటి గోవా, అది జరగదు. రెండోది అరకు, అది జరిగి తీరుతుంది. వ్యాన్ ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక, పాటల గోల కాస్త తగ్గి అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్న టైములో, వెనక సీట్లోంచి ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "ఎంత మంచి ప్లేస్ రా ఇది! ఆ 1/70 యాక్ట్ ఒకటి లేకపోతే ఈపాటికి ఊటీ అయిపోయేది."

ఈ మాట సీనియర్ల దగ్గర విన్నాను, జూనియర్ల దగ్గర విన్నాను, స్థలాల బిజినెస్ చేసే చుట్టాల దగ్గరా విన్నాను. అనేవాళ్ళకి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. మంచి రోడ్లు, మంచి హోటళ్ళు, నాలుగు ఉద్యోగాలు వస్తాయి కదా అనే అంటారు. కానీ ఈ మాటకి ఎవరూ ఎదురు చెప్పకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అరకుని ఊటీ కాకుండా ఆపింది నిజంగా ఆ చట్టమే అయితే, మనం టికెట్ కొనుక్కుని చూడ్డానికి వెళ్ళేవాటిలో చాలా భాగాన్ని మిగిల్చింది కూడా అదేనని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను. ఈసారి వెళ్ళే బ్యాచ్‌కి ట్రిప్ గైడ్‌గా కూడా పనికొస్తుంది.

ముందు ఊటీ ఎలా ఊటీ అయిందో చూద్దాం. నీలగిరుల మీద తోడాలు గేదెల్ని మేపుకునేవారు. కోటలు, కురుంబలు, ఇరులలు ఎవరి పనులు వాళ్ళు చేసుకునేవారు. 1819 తర్వాత కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సలివన్ పైకెక్కి, ఆ చల్లదనం చూసి మనసు పారేసుకున్నాడు. తోడాల దగ్గర ఎకరం రూపాయి చొప్పున భూమి తీసుకున్నాడని చెప్తారు. తర్వాత బంగళాలు, క్లబ్బు, రేస్ కోర్సు, టీ ఎస్టేట్లు వచ్చాయి. వేసవికి మద్రాసు ప్రభుత్వం మొత్తం అక్కడికే తరలేది. గేదెలు మేసే గడ్డి మైదానాలు పాలకుల కళ్ళకి ఖాళీ భూముల్లా కనిపించాయి కాబట్టి వాటిలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన యూకలిప్టస్, తుమ్మ జాతి చెట్లు నాటారు. ఇప్పుడు ఆ ఊళ్ళో తోడాలు ఎక్కడున్నారో మనలో ఊటీ వెళ్ళొచ్చినవాళ్ళని అడగండి. శాలువా కొట్టు దగ్గర చూశాం అనో, బొటానికల్ గార్డెన్ వెనక గుడిసె చూశాం అనో చెప్తారు.

అంత అయ్యాక ఊటీకైనా హాయిగా ఉందా అంటే, 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో అక్కడికి వెళ్ళే వండ్లకి ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6000, వారాంతాల్లో 8000 బళ్ళకి మించి రానివ్వకూడదని లెక్క కూడా కట్టారు. డెవలప్ అయిన కొండ పరిస్థితి ఇది. అక్కడికి వెళ్ళాలంటే ఇప్పుడు కోర్టు పర్మిషన్ కావాలన్నమాట.

ఇక మన 1/70. పేరు వింటే ఏదో సెక్షన్ నంబర్లా ఉంటుంది కానీ, 1970లో వచ్చిన ఒకటో నంబర్ రెగ్యులేషన్ అని దాని అర్థం. ఏజెన్సీ భూములు బయటివాళ్ళ చేతుల్లోకి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. అప్పటికే షావుకార్లు ఉప్పుకీ బట్టకీ అప్పులిచ్చి పొలాలు రాయించుకుంటున్నారు. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో రెగ్యులేషన్ చేసింది. దానికి ఉన్న కంతలు పూడుస్తూ 1970లో సవరణ వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుల నుంచి గానీ, గిరిజనేతరుల నుంచి గానీ గిరిజనేతరుల చేతికి మారకూడదు. అక్కడ ఒక గిరిజనేతరుడి దగ్గర భూమి ఉంటే, అది ఒకప్పుడు గిరిజనుడిదేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ ఉన్నాయనే. లా చదివేవాళ్ళకి ఇది ఎంత గట్టి మాటో తెలుస్తుంది. మామూలుగా రుజువు చేయాల్సిన బరువు భూమి పోగొట్టుకున్నవాడి మీదే పడుతుంది కదా.

ఇంత గట్టి చట్టం ఎందుకు కావాల్సి వచ్చిందో అర్థం కావాలంటే ఆ కొండల్లో ఏముందో తెలియాలి. మనం చూసేది మంచు, లోయ, మలుపులు. కానీ అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి కలిసిన ఈ మన్యం మనకి తెలియకుండానే మన ఇళ్ళలోకి వస్తూ ఉంటుంది. బొర్రా గుహల దగ్గర పారే గోస్తని కిందికి దిగి తాటిపూడి రిజర్వాయర్‌లో చేరుతుంది. అక్కడి నుంచి విశాఖ కుళాయిల్లోకి వెళ్ళి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అనకాపల్లి బెల్లానికి చెరకు పండించే శారద నది కూడా ఈ కొండల బిడ్డే. మరో వైపు మాచ్‌ఖండ్ నది ఒడిశా సరిహద్దు వెంబడి పారి, కిందికొచ్చేసరికి సీలేరు అని పేరు మార్చుకుంటుంది. దాని మీద 1950ల నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా జలవిద్యుత్ కేంద్రాలు కట్టారు. మా ఎలక్ట్రికల్ బ్రాంచ్ వాళ్ళు పవర్ సిస్టమ్స్‌లో వాటి పేర్లు చదువుతారు. ఆ రిజర్వాయర్ల కింద మునిగిన ఊళ్ళ పేర్లు మాత్రం సిలబస్‌లో ఉండవు.

ఈ కొండల రాయి పేరు ఖోండలైట్. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. వైజాగ్ కైలాసగిరి రాయీ ఇదే, కోణార్క్ గుడి రాయీ ఇదే. లక్షల ఏళ్ళు వానలో, ఎండలో నానిన ఆ రాయి కొండల నెత్తిన బాక్సైట్‌గా మారింది. ఆ పొర స్పాంజిలాంటిది. నాలుగు నెలల వాన నీటిని పీల్చుకుని ఏడాది పొడుగునా ఊటలుగా వదుల్తుంది. వేసవిలో కూడా ఊరి పక్క గెడ్డలో నీళ్ళు ఉండటానికి కారణం అదే. అల్యూమినియం కంపెనీలకి కావాల్సిందీ అదే పొర. అంటే ఇక్కడ ఖనిజం, తాగే నీళ్ళు వేర్వేరు చోట్ల లేవు. ఒకదాన్ని తవ్వి రెండోదాన్ని ఉంచడం కుదరదు.

మనం ఎక్కే రైలు సంగతీ ఇలాంటిదే. కొత్తవలస–కిరండూల్ లైన్‌ని మన కోసం వెయ్యలేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేశారు. 50కి పైగా సొరంగాలు, వాటి మధ్య వంతెనలు, దాదాపు 1000 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషన్. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్ అని చాలా ఏళ్ళు దానికి పేరుండేది. సివిల్ వాళ్ళు ఆ లైన్ మీద ఒక సెమినార్ ఇచ్చినా తక్కువే. 2017లో అద్దాల కప్పున్న విస్టాడోమ్ బోగీ తగిలించాక అది టూరిస్ట్ రైలు అయిపోయింది. కానీ ఆ బోగీలో కూర్చుని సెల్ఫీ తీసుకుంటున్నప్పుడు పక్క ట్రాక్ మీద పోయే గూడ్స్ బళ్ళు చూడండి. లైన్ అసలు పని ఇప్పటికీ అదే.

బొర్రా గుహల గురించి చిన్న పిడకల వేట. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి ఒకాయన వీటిని కనిపెట్టాడని ఎక్కడ చూసినా రాసేస్తారు. జియలాజికల్ సర్వే మొదలైందే 1851లో! అయినా ఆవు జారి పడితే వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి లోపల శివలింగాన్ని చూశాడని అక్కడివాళ్ళ కథ. ఆ కథలో కనీసం తేదీల గొడవ లేదు.

అదే బొర్రా పంచాయతీ ఊళ్ళ నుంచి దేశం మొత్తం చదివే ఒక కేసు వచ్చింది. గుహలున్న చోట సున్నపురాయి, కాల్సైట్ ఉంటాయి. 1990ల్లో ప్రభుత్వం అక్కడ ప్రైవేట్ కంపెనీలకి మైనింగ్ లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకి వెళ్ళింది, ఓడిపోయింది. సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదన్న నియమం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుంది, ప్రైవేట్ కంపెనీలకిచ్చిన ఆ లీజులు చెల్లవు. ప్రభుత్వ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వుకున్నా లాభంలో కనీసం 20 శాతం స్థానికుల కోసం పక్కన పెట్టాలి. ఈ తీర్పు నిలబడింది దేని మీద? మనం అడ్డం అంటున్న ఆ రెగ్యులేషన్ మీదే. అది లేకపోతే మనం టికెట్ తీసుకుని దిగే గుహల చుట్టుపక్కల ఇవ్వాళ క్వారీలు ఉండేవి. అప్పుడు ఊటీ మాట దేవుడెరుగు.

తర్వాత బాక్సైట్ గొడవ. 2015 నవంబర్లో జీవో 97తో చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో 1212 హెక్టార్ల అడవిని తవ్వకాలకి ఇవ్వడానికి ప్రభుత్వం సిద్ధపడింది. మన్యమంతా రోడ్డెక్కింది. దాన్ని 2019లో రద్దు చేశారు. పార్టీల సంగతి నేను మాట్లాడను, ఈ పేజీల్లో దానికి చోటు లేదు. నేను చెప్పేదల్లా ఒకటే. అక్కడివాళ్ళు కాదనగలిగారు. భూమి చేతిలో లేనివాడు కాదంటే ఎవరూ వినరు.

ఇప్పుడు కాఫీ దగ్గరికి వద్దాం. నా వాదనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే.

కూర్గులోనో నీలగిరుల్లోనో కాఫీ, టీ అంటే మనకి ఎస్టేట్ గుర్తొస్తుంది. వందల ఎకరాలు, ఒక యజమాని, కొండవాలు మీద లైన్ ఇళ్ళలో కూలీలు. అరకులో ఎస్టేట్ దొర లేడు. అటవీ శాఖ తోటలు కొన్ని ఉన్నా, కాఫీలో ఎక్కువ భాగం ఎకరం, రెండెకరాలున్న గిరిజన రైతులది. అలాంటి కుటుంబాలు లక్షకు పైనే. అంతకుముందు ఆ వాలుల్లో చాలా చోట్ల పోడు చేసేవారు. కొంత అడవి నరికి, కాల్చి, రెండు మూడేళ్ళు చోడో సామో పండించి, నేల అలిసిపోతే వదిలేసి ఇంకో చోటికి వెళ్ళడం. జనం పెరిగి, అడవి తగ్గాక అది సాగేది కాదు. ఐటీడీఏ, కాఫీ బోర్డు మొక్కలిచ్చి, సిల్వర్ ఓక్ నీడలో అరబికా వేయించాయి. సిల్వర్ ఓక్ తొందరగా నిటారుగా పెరుగుతుంది. దాని కాండం మీదికి మిరియాల తీగ ఎక్కుతుంది. కింద కాఫీ, పక్కన మిరియం, పైన నీడ. ఒకే ఎకరంలో మూడంతస్తుల ఇల్లు కట్టినట్టన్నమాట. కాఫీ ధర పడిపోయిన ఏడాది మిరియం ఆదుకుంటుంది.

2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో అరకు పేరుతో ఒక కాఫీ షాపు తెరిచారు. సంతలో గోనె పట్టా పరుచుకుని కూర్చునే రైతు పండించిన గింజ అది. ఇది ఎస్టేట్ అయ్యుంటే ఆ రైతు దానికి కూలీ అయ్యేవాడు. నేనేం కవిత్వం చెప్పట్లేదు. తేడా భూమి కాగితం మీద ఉన్న పేరులో ఉంది, అంతే.

అలా అని అక్కడ అంతా బావుందని చెప్తే నన్ను ఎవరూ నమ్మక్కర్లేదు. పండు కోసి అలాగే ఎండబెట్టి అమ్మితే ఒక ధర, పల్పర్లో తొక్క తీసి, కడిగి, శుభ్రమైన కళ్ళంలో ఆరబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్మితే ఇంకో ధర. పల్పరూ, నీళ్ళూ, కళ్ళమూ లేని ఇంటివాళ్ళు మొదటి ధరకే దళారికి ఇచ్చేస్తారు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదే మనం జీసీసీ అంటాం, కొంటుంది గానీ, చేతిలో డబ్బు అవసరం పడినవాడు దళారి వచ్చిన రోజునే అమ్ముతాడు. మెకానికల్ వాళ్ళకి ఒక మాట. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మళ్ళీ లైన్ ఫాలోయర్ రోబోనే చేసే ముందు, ఇద్దరు మోసుకెళ్ళగలిగే చిన్న పల్పర్ గురించి ఓసారి ఆలోచించండి.

1/70 మీద వచ్చే నిజమైన విమర్శలు కూడా ఉన్నాయి. ఆ భూమి మీద బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. చట్టాన్ని దాటి బినామీ పేర్ల మీద నడిచే లాడ్జీలు ఉన్నాయని అక్కడ ఎవర్నడిగినా చెప్తారు. కొండమీది ఊళ్ళ నుంచి గర్భిణులని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫోటోలు ప్రతి వర్షాకాలం పేపర్లో చూస్తూనే ఉన్నాం. దీనికీ భూమి చట్టమే కారణం అన్నట్టు కొందరు మాట్లాడతారు. అది తప్పు. రోడ్డు వెయ్యడానికి, ఏఎన్‌ఎంని పెట్టడానికి ఆ చట్టం అడ్డం రాదు. ఎవరూ కొనడానికి లేని ఊరికి రోడ్డు అక్కర్లేదు అనుకోవడమే అడ్డం. రోడ్లు ముందు రిసార్టుల దాకా వచ్చి ఆగిపోతాయి. మనం కూడా అక్కడే ఆగుతాం కాబట్టి మనకి కనిపించదు.

రోడ్డంటే లంబసింగి గుర్తొచ్చింది. చలికాలంలో తెల్లారగట్ల నాలుగింటికి నర్సీపట్నం నుంచి బైకులేసుకుని ఎక్కేస్తాం. పాత పేరు కొర్రబయలు. బయట పడుకుంటే కొర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారట. మనం రీల్స్ తీసే ఆ ఘాట్ రోడ్డు పనిలో వందేళ్ళ కిందట గిరిజనులతో సరిగ్గా కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు మన్యం తిరుగుబాటు చరిత్రలో ప్రతి చోటా ఉంటుంది. 1882 అటవీ చట్టంతో పోడు మీద ఆంక్షలు ఒకవైపు, ఈ రోడ్డు చాకిరీ ఇంకోవైపు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం సోదరులతో కలిసి చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశాడంటే దాని వెనక ఇదంతా ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాకి ఆయన పేరు పెట్టారు, మంచిదే. కానీ సినిమాల్లో చూసిన ఆవేశమే తప్ప ఆ గొడవ దేని గురించో మనకి గుర్తులేదు. అడవి ఎవరిది, కూలి ఎంత అన్నదే గొడవ. నూరేళ్ళ తర్వాత కూడా ఆ రెండు ప్రశ్నలూ అక్కడే ఉన్నాయి.

మనది తెలుగు సాహితీ క్లబ్ కాబట్టి భాష గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అరకు అంటే ఆంధ్రాలోనే ఉంది కదా, అందరూ తెలుగే మాట్లాడతారు అనుకుంటాం. సంతలో నిలబడి వినండి. వేర్వేరు తెగలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఎక్కువగా ఆదివాసీ ఒడియా. ఖోండుల ఇళ్ళలో కువి. గదబల్లో కొందరి భాష గుతోబ్, దానికి తెలుగుతో ఏ చుట్టరికమూ లేదు, అది ముండా కుటుంబం. అక్కడ ఆరేళ్ళ పిల్లకి ఒకటో తరగతి తెలుగు వాచకం, మనకి ఇంగ్లీష్ మీడియంలో మొదటి రోజు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మాతృభాషలో బోధన కావాలని మన క్లబ్ ప్రతి ఆగస్టు 29న తీర్మానం చేస్తుంది. ఆ తీర్మానంలో ఈ పిల్లల మాతృభాష కూడా ఉందా? 2000ల్లో ప్రభుత్వం కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషల్లో తెలుగు లిపితోనే చిన్న తరగతులకి వాచకాలు చేయించింది, మంచి ప్రయత్నం. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ని మాత్రం 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్ల మాట అర్థమయ్యే టీచర్ దొరకడం ఇక అదృష్టం మీద ఆధారపడిన సంగతి.

థింసా గురించి కూడా మనకి ఒకటే తెలుసు. రిసార్ట్ వాళ్ళు రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర పిలిపిస్తారు, మనం చివర్లో వెళ్ళి చేతులు కలుపుతాం. డబ్బు తీసుకుని ఆడటంలో తప్పేమీ లేదు, కూచిపూడి వాళ్ళూ తీసుకుంటారు. కాకపోతే థింసా ఒక ప్రోగ్రాం కాదు. పెళ్ళికీ, చైత్రంలో వచ్చే ఇటుకల పండగకీ ఊరంతా ఆడేది. మోరి ఊదుతుంటే, డప్పు, తుడుము, కిరిడి మోగుతుంటే, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా పాములా కదుల్తారు. అందులో ఎవరూ ముందు నిలబడి సోలో చెయ్యరు. కొత్తల పండగలు ఇంకా బావుంటాయి. మామిడి కొత్త జరిగేదాకా చెట్టున కాయ ఎంత ఊరించినా తినరు. కొర్రకీ సామకీ కూడా అంతే. మనం ఊళ్ళోకి వెళ్ళి పచ్చికాయ తెంపి ఉప్పూకారం అడిగితే వాళ్ళు ఏమీ అనకపోవచ్చు. అనకపోవడం వేరు, నొచ్చుకోకపోవడం వేరు.

సరే, అయితే వెళ్ళొద్దా? తప్పకుండా వెళ్ళండి. సంత రోజు చూసుకుని వెళ్ళండి, అది నా మొదటి షరతు. అరకు, హుకుంపేట, పాడేరు, లంబసింగి, ప్రతి చోటా వారానికో సంత ఉంటుంది. ఏ రోజో బయల్దేరే ముందు ఆర్టీసీ కాంప్లెక్సులో అరకు బస్సు కండక్టర్ని అడిగినా చెప్తాడు. పొద్దున్నే తల మీద మూటలతో కొండ దిగి వచ్చేవాళ్ళు కనిపిస్తారు. పసుపు, అల్లం, రాజ్మా, పిప్పళ్ళు, కొండ చీపుర్లు, అడ్డాకుల కట్టలు, చింతపండు. మధ్యాహ్నం అయ్యేసరికి వాటి డబ్బుతో ఉప్పు, ఎండుచేపలు, సబ్బులు కొనుక్కుని తిరిగి ఎక్కుతారు. ఆ ప్రాంతం ఎకానమీ మొత్తం ఆరు గంటల్లో కళ్ళ ముందు జరుగుతుంది, ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు. అక్కడ పావుకిలో పసుపు దగ్గర ఇరవై రూపాయలు బేరం ఆడకండి. పిజ్జా డెలివరీ ఛార్జీ దగ్గర ఆడం కదా.

బొంగులో చికెన్ తినండి, ఎవరు వద్దన్నారు. చోడి అంబలి దొరికితే అది కూడా తాగండి. జీలుగు కల్లు గురించి నేనేమీ చెప్పను, ఈ మ్యాగజైన్ హెచ్‌ఓడీ గారు కూడా చదువుతారు.

నవంబర్, డిసెంబర్ నెలల్లో పసుపు పచ్చగా పరుచుకునే వలిసె పూల తోటలు మనం అనుకున్నట్టు గార్డెన్లు కావు, నూనె గింజల పంట. ఫోటో కోసం మధ్యలోకి నడిస్తే తొక్కేది ఒకరి ఏడాది ఆదాయాన్ని. ఈ మధ్య కొందరు రైతులు గట్టు మీద నిలబడి మనిషికింత అని వసూలు చేస్తున్నారు. దానికి విసుక్కునేవాళ్ళని చూశాను. నాకైతే టూరిజం డబ్బు సరైన చేతిలో పడిన కొద్ది సందర్భాల్లో అదొకటి అనిపించింది. వంజంగి మేఘాల కొండకి కూడా ఇదే మాట. తెల్లారి అయిదింటికి మనం పైకెక్కి వదిలేసి వచ్చే నీళ్ళ సీసాలు వానాకాలంలో ఏ గెడ్డలోకి పోతాయో, ఆ గెడ్డ నీళ్ళు ఎవరు తాగుతారో పైన రాసేశాను.

బస చెయ్యాలంటే ముందు స్థానికులు నడిపే ఇళ్ళు, ప్రభుత్వ గెస్ట్‌హౌసులు వెతకండి. ఇల్లు ఎవరిదని అడగడం మర్యాద తక్కువేం కాదు. కాఫీ పొడి కొనేటప్పుడు జీసీసీ షాపులో గానీ, రైతు సంఘాల దగ్గర గానీ కొనండి. రోడ్డు పక్కన "అరకు కాఫీ" అని బోర్డు పెట్టిన ప్రతి ప్యాకెట్లోనూ అరకు గింజే ఉంటుందని నమ్మకం లేదు, సగం చికోరీ ఉంటుంది. మ్యూజియంకి మాత్రం అరగంట కాదు, రెండు గంటలు పెట్టుకోండి. గదబ ఆడవాళ్ళు చెట్టు నారతో నేసుకునే కెరంగ్ బట్ట గురించి అక్కడి వాళ్ళని అడిగి తెలుసుకోండి. వేళ్ళతో తీసిన నార, రంగు రంగుల అడ్డచారలు. టెక్స్‌టైల్ మీద ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు కదలరు.

ఇంకో సంగతి. మా క్లాసులోనే పాడేరు, జి.మాడుగుల వైపు నుంచి వచ్చిన మిత్రులు ఇద్దరున్నారు. నాలుగేళ్ళుగా అరకు ట్రిప్ ప్లాన్ చేసే గ్రూపుల్లో వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. ఈ వ్యాసం రాసే ముందు వాళ్ళలో ఒకర్ని 1/70 ఎత్తేస్తే నీకు లాభమా అని అడిగాను. "మా నాన్నకి ఎకరంన్నర కాఫీ ఉంది. ఎత్తేస్తే ఒకసారి మంచి రేటే వస్తుంది. ఒకసారే కదా వస్తుంది" అన్నాడు. తర్వాత నా ప్లేట్లోంచి సమోసా తీసుకుని, డిసెంబర్లో వాళ్ళ ఊరికి రమ్మన్నాడు. అప్పటికి కోతలు మొదలై ఉంటాయట, ఎర్రపండు ఏరడానికి మనుషులు చాలరట. పదిమంది వస్తే అన్నం తనే పెడతానన్నాడు. పేర్లు ఇవ్వాల్సినవాళ్ళు క్లబ్ రూములో బోర్డు మీద రాయండి, ఇప్పటికి నలుగురం ఉన్నాం.